'లెజెండ్' తర్వాత ఏం వినాలి? రెగేను జీవితాంతం వినడానికి దారి

"బాబ్ మార్లే పాటలు పదో పన్నెండో తెలుసు. ఆ తర్వాత ఎటు వెళ్లాలో తెలియడం లేదు." చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. వాళ్లకు తెలిసినవి ఎక్కువగా 'లెజెండ్' అనే మార్లే సంకలనంలోని పాటలే. దీని వెనకే, మార్లే పాడిన జమైకా సంగీతం రెగే గురించి ఇంకో మాట వస్తుంది: "రెగే అంతా ఒకేలా వినిపిస్తోంది."

రెండింటికీ కారణం ఒకటే. మనం సినిమా పాటలతో పెరిగినవాళ్లం కాబట్టి చెవి ముందు గాయకుడి దగ్గరికే వెళ్తుంది. రెగేను కింది నుంచి పైకి వినాలి. ముందు బేస్ (లోతైన స్వరాలు పలికే గిటార్), తర్వాత డ్రమ్స్, ఆ తర్వాత గిటార్, ఆర్గన్, చివరికి గొంతు. ఈ వరస అలవాటైతే ఏ రెండు పాటలూ ఒకేలా వినిపించవు. కింద రాసిందంతా ఈ వరస కోసమే. తొందరపడకండి, మొదటి మూడు మెట్లకే రెండు మూడు నెలలు పడుతుంది.

## 1. ముందుగా వినే ఏర్పాటు

బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత లోతుకి దిగలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి రెగే వింటే మీకు అందేది పప్పు తీసేసిన పప్పుచారు. "నాకు నచ్చలేదు" అని చెప్పేవాళ్లలో చాలామంది అసలు పాటను వినలేదనే నా నమ్మకం.

ఖరీదైన సామాను అక్కర్లేదు. చెవిలో సరిగ్గా కూర్చునే మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. ఇయర్‌ఫోన్ వదులుగా ఉంటే ముందు పోయేది బేసే కాబట్టి రబ్బరు మూతలు రెండు మూడు సైజులు మార్చి చూడండి. ఇంట్లో స్పీకర్ ఉంటే గోడకు జానెడు దూరంలో పెట్టండి, బేస్ నిండుగా వస్తుంది. గది మూలలోకి నెడితే మాత్రం బుంయ్‌మని మోగి స్వరాలు కలిసిపోతాయి.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- ఫోన్‌లో 'బేస్ బూస్ట్' ఆపేశారా? అది బేస్‌ను పెంచినా మసక చేస్తుంది.
- యాప్‌లో ఆడియో నాణ్యత 'హై'లో పెట్టారా?
- షఫుల్ ఆపేశారా?
- చేతిలో ఒక నోట్‌బుక్ ఉందా? ఇది తప్పనిసరి. ఎందుకో పదో మెట్టులో తెలుస్తుంది.

## 2. తాళం పట్టుకోవడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. కనీసం పది రోజులు, రోజుకు ఒకే పాట.

మార్లే 1979లో తెచ్చిన 'సర్వైవల్' ఆల్బమ్‌లో 'వన్ డ్రాప్' అనే పాట ఉంది. ఒక రకం దరువు పేరే పాట పేరయింది. ఆ పాట పెట్టి ఇలా చేయండి.

మొదటి రోజు. పాదంతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. గిటార్ "చెక్... చెక్" అని కోసినట్టు వినిపిస్తుంది. ఆ చెక్ రెండు మీద, నాలుగు మీద పడాలి. ఒకటి మీద పడుతోందంటే మీ లెక్క ఒక మాత్ర జరిగిందని అర్థం. ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

రెండు, మూడు రోజులు. ఇప్పుడు డ్రమ్ వినండి. పెద్ద దెబ్బ మూడు మీద పడుతుంది. ఒకటి దగ్గర డ్రమ్ ఖాళీ. భజన అయినా, డప్పు అయినా, సినిమా పాట అయినా మన చెవి బరువును సమం (మొదటి మాత్ర) దగ్గర వెతుక్కుంటుంది. ఇక్కడ అక్కడే బరువు తీసేశారు. మొదట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే గాలి తగిలినట్టు ఉంటుంది. నాలుగైదు రోజులకు ఆ ఖాళీయే ఊపు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఈ దరువును మార్లే బృందంలో వాయించింది కార్ల్‌టన్ బారెట్. బేస్ వాయించింది ఆయన అన్న ఆస్టన్ బారెట్, అందరూ పిలిచే పేరు 'ఫ్యామిలీ మ్యాన్'.

నాలుగు నుంచి ఏడు రోజులు. బేస్ ఒక్కదాన్నే వెంటాడండి. గొంతు ఎంత పిలిచినా అటు వెళ్లకండి. పాట ఆపాక బేస్ వరసను కూనిరాగంగా పాడగలగాలి. పాడలేకపోతే ఇంకా వినలేదన్నమాట. బేస్ ఎక్కడ ఆగుతోందో కూడా చూడండి. రెగే బేస్‌లో స్వరాలకు ఉన్నంత విలువ మౌనానికీ ఉంది.

మిగిలిన మూడు రోజులు. ఇప్పుడు వేరే దరువులతో పోల్చండి. 1977 నాటి 'ఎక్సోడస్' పాటలో డ్రమ్ నాలుగు మాత్రలకూ పడుతుంది, దీన్ని 'స్టెపర్స్' అంటారు. మైటీ డైమండ్స్ బృందం 'రైట్ టైమ్' (1976) వినండి, అందులో స్లై డన్‌బార్ వాయించిన బిగువైన, కవాతు లాంటి దరువును 'రాకర్స్' అంటారు. ఈ మూడింటినీ పేరు చూడకుండా గుర్తుపట్టగలిగితే రెండో మెట్టు ఎక్కేసినట్టే.

## 3. మార్లేను ఆల్బమ్‌గా వినడం

'లెజెండ్' ఆల్బమ్ కాదు. మార్లే 1981లో చనిపోయిన తర్వాత 1984లో వచ్చిన సంకలనం. మంచి పాటలే, కానీ ఎక్కువగా మెత్తనివి ఏరి పెట్టారు. కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఒక్కో ఆల్బమ్‌కు రెండు వారాలు ఇచ్చి ఈ వరసలో వెళ్లండి.

1. క్యాచ్ ఎ ఫైర్ (1973). దీన్ని రెండు రకాలుగా వినాలి. జమైకాలో రికార్డు చేసిన పాటలకు లండన్‌లో నిర్మాత క్రిస్ బ్లాక్‌వెల్ రాక్ శ్రోతల కోసం గిటార్లు, కీబోర్డులు చేర్పించారు. చేర్చకముందు ఉన్న జమైకా రూపం 2001 డీలక్స్ ఎడిషన్‌లో వచ్చింది. ఒకే పాటను రెండు రూపాల్లో పక్కపక్కన పెట్టి వినండి. ఏది పైపూతో, ఏది గోడో మీ చెవికే తెలుస్తుంది.
2. బర్నిన్ (1973). మార్లే తొలి బృందంలోని పీటర్ టాష్, బన్నీ వేలర్ కలిసి ఉన్న చివరి ఆల్బమ్. మూడు గొంతులను విడదీసి వినండి.
3. నాటీ డ్రెడ్ (1974). ఇక్కడి నుంచి వంత గొంతులు మారతాయి. రీటా మార్లే, మార్సియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్ వస్తారు.
4. ఎక్సోడస్ (1977). మొదటి సగం నిప్పు, రెండో సగం వెన్నెల. మధ్యలో కాస్త ఆగి, తర్వాత రెండోది వినండి.
5. సర్వైవల్ (1979). తాళం మీకు ఇప్పటికే తెలుసు కాబట్టి ఈసారి మాటలు వినండి.

వెంటనే విడిపోయిన ఇద్దరి దగ్గరికి వెళ్లండి. బన్నీ వేలర్ 'బ్లాక్‌హార్ట్ మ్యాన్' (1976), పీటర్ టాష్ 'ఈక్వల్ రైట్స్' (1977). నా మటుకు నాకు 'బ్లాక్‌హార్ట్ మ్యాన్' ఆ ముగ్గురి రికార్డులన్నిటిలోకీ లోతైనది. నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కాక దిగదు.

## 4. మార్లే దాటాక మొదటి ఏడాది

ఇక్కడ చాలామంది 'టాప్ 100 రెగే' లాంటి జాబితా పెట్టేసుకుని మునిగిపోతారు. తొమ్మిది చాలు.

- 'ద హార్డర్ దే కమ్' సినిమా పాటలు (1972). జిమ్మీ క్లిఫ్, మేటల్స్, డెస్మండ్ డెకర్ ఒకేచోట దొరుకుతారు.
- బర్నింగ్ స్పియర్, 'మార్కస్ గార్వే' (1975). ఆయన పాడటం మంత్రం జపించినట్టు ఉంటుంది. వెనక బూరలు వినండి.
- ఆగస్టస్ పాబ్లో, 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' (1976). మెలోడికా అనే నోటితో ఊదే చిన్న కీబోర్డును పిల్లల ఆటవస్తువు స్థాయి నుంచి ఎక్కడికి తీసుకెళ్లాడో చూడండి.
- కల్చర్, 'టూ సెవెన్స్ క్లాష్' (1977).
- ద కాంగోస్, 'హార్ట్ ఆఫ్ ద కాంగోస్' (1977). 'స్క్రాచ్' అని పిలిచే లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో చేసింది. సెడ్రిక్ మైటన్ పై గొంతు, రాయ్‌డెల్ జాన్సన్ దానికంటే కింది గొంతు. రాత్రిపూట, దీపం ఆర్పి, ఇయర్‌ఫోన్స్‌తో.
- స్టీల్ పల్స్, 'హ్యాండ్స్‌వర్త్ రెవల్యూషన్' (1978). బర్మింగ్‌హామ్ వలస కుటుంబాల పిల్లల బృందం.
- బ్లాక్ ఉహురు, 'రెడ్' (1981). డ్రమ్స్ స్లై, బేస్ రాబీ షేక్‌స్పియర్. ఈ జంట పేరు ఎక్కడ కనిపించినా ఆగండి.
- గ్రెగరీ ఐజాక్స్, 'నైట్ నర్స్' (1982). ప్రేమ పాటలు. గొంతు ఎప్పుడూ గట్టిగా లేవదు.
- ద అబిసీనియన్స్, 'సట్టా మస్సగానా'. మూడు గొంతులు ఎంత నిదానంగా ఒకదాని మీద ఒకటి వాలతాయో వినడానికి.

నెలకు ఒకటి వినండి. మిగిలిన మూడు నెలలూ ఎక్కువ నచ్చిన మూడింటికి మళ్లీ ఇవ్వండి.

ఒక్కో ఆల్బమ్ అయ్యాక గాయకుడి పేరు కాదు, ఈ నాలుగు రాసుకోండి: నిర్మాత, స్టూడియో, డ్రమ్స్, బేస్. తర్వాత వినాల్సింది ఆ నాలుగు పేర్లే చెబుతాయి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో కొద్దిమంది వాద్యకారులే వందల పాటలకు వాయించారు కాబట్టి ఈ దారి ఎప్పుడూ మూసుకుపోదు.

## 5. వర్షన్, డబ్, రిడిమ్

రెగే జీవితాంతం చాలడానికి అసలు కారణం ఇక్కడుంది. ఇది తెలియకే చాలామంది రెండో ఏడాదికి ఆగిపోతారు.

జమైకాలో చిన్న రికార్డుకు ఒకవైపు పాట, రెండోవైపు గొంతు తీసేసిన అదే పాట ఉండేవి. ఆ రెండోదాన్ని 'వర్షన్' అన్నారు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ ఆ వర్షన్‌ను పట్టుకుని మిక్సింగ్ బల్లనే వాద్యంగా మార్చాడు. బేస్ ఉంచి అన్నీ తీసేయడం, గిటార్ ఒక్క ముక్క వదిలి దాన్ని ప్రతిధ్వనిగా తిప్పడం, గొంతు ఒక మాట పలికి మాయమవడం. ఇదే 'డబ్'. మన డబ్బింగ్ సినిమాలకూ దీనికీ సంబంధం లేదు.

డబ్‌ను విడిగా మొదలుపెడితే ఖాళీగా అనిపిస్తుంది. జంటగా వినండి:

1. జాకబ్ మిల్లర్ 'బేబీ ఐ లవ్ యూ సో' మూడుసార్లు వినండి.
2. వెంటనే 'కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' పెట్టండి. అదే పాట డబ్ ఇది.
3. ఏ వాద్యం ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, వేళ్ల మీద లెక్కపెట్టండి.
4. తర్వాత మొత్తం ఆల్బమ్ జంట: 'మార్కస్ గార్వే', దాని డబ్ రూపం 'గార్వేస్ ఘోస్ట్' (1976).

ఇక రిడిమ్. ఒకే బేస్, డ్రమ్స్ వరస మీద వేర్వేరు గాయకులు వేర్వేరు రాగంతో, వేర్వేరు మాటలతో పాడతారు. కాపీ కొట్టారని మనకు అనిపిస్తుంది. ఉత్పలమాలలో ఎందరు కవులు పద్యాలు రాయలేదు? వృత్తం ఒకటే, పద్యం వేరు. రిడిమ్ కూడా అంతే. అదే చట్రంలో ఈయన ఏం చేశాడన్నదే ఆసక్తి.

మూడు గొలుసులతో మొదలుపెట్టండి:

- రియల్ రాక్. స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ బృందం 1967లో వాయించింది. దాని మీద విల్లీ విలియమ్స్ 'ఆర్మగిడియన్ టైమ్' వినండి.
- స్టాలాగ్. ఆన్సెల్ కాలిన్స్ 'స్టాలాగ్ 17', తర్వాత సిస్టర్ నాన్సీ 'బామ్ బామ్' (1982), తర్వాత టెనార్ సా 'రింగ్ ది అలారం' (1985).
- స్లెంగ్ టెంగ్. 1985లో వేన్ స్మిత్ పాడింది, నిర్మాత కింగ్ జామీ. ఆ వరస క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే నింపి ఉన్న లయ. దాన్ని తయారుచేసింది హిరోకో ఒకుడా అనే జపాన్ ఉద్యోగిని. బేస్ గిటార్ లేకుండా వచ్చిన ఈ పాటతో జమైకా స్టూడియోలు కంప్యూటర్ లయల వైపు తిరిగాయి.

రిడిమ్ పేరుతో యాప్‌లో వెతికితే ఒక్కోదానికి పదుల పాటలు దొరుకుతాయి. ఒక ఆదివారం, ఒక రిడిమ్. ఇంతకంటే మంచి కాలక్షేపం నాకు తెలియదు.

## 6. మాటలు అర్థం చేసుకోవడం

జమైకా జనం మాట్లాడే పాట్వా భాష వినగానే ఇంగ్లిష్ అనుకుని, అర్థం కాక వదిలేయకండి. ముందు నాలుగు మాటలు చాలు.

- బాబిలోన్: అణచివేసే వ్యవస్థ. ఒక్కోసారి నేరుగా పోలీసులు.
- జాయన్: విముక్తి దొరికే నేల, ఆఫ్రికా, ముఖ్యంగా ఇథియోపియా.
- జా: దేవుడు.
- ఐ అండ్ ఐ: నేను, నువ్వు, అందరిలో ఉన్న దేవుడు కలిసి. ఇది ఇంగ్లిష్ వాళ్లకు వివరించడం కష్టం. మనకు 'మేము' వేరు, 'మనం' వేరు కాబట్టి సులువు. ఎదుటివాణ్ణి బయట పెట్టని ఆ 'మనం'కి ఇది దగ్గర.

ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ, జమైకాకు చెందిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే ఎవరో ఒక గంట చదివితే సగం పాటలు తెరుచుకుంటాయి. మార్లే 'వార్' (1976) పాటలో మాటలు చాలావరకు సెలాసీ 1963లో ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగం నుంచి తీసుకున్నవే. ఆ ప్రసంగం చదివి పాట వినండి.

పద్ధతి: మొదటి మూడుసార్లు మాటలు చూడకుండా వినండి. నాలుగోసారి చూస్తూ వినండి. అయిదోసారి మళ్లీ చూడకుండా. ముందే చూస్తే కళ్లు చదువుతాయి, చెవులు ఆగిపోతాయి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

పేరు తప్పు. 'డోంట్ వరీ, బీ హ్యాపీ' మార్లేది కాదు. బాబీ మెక్‌ఫెరిన్ 1988లో పాడింది, అప్పటికి మార్లే లేడు. 'బ్యాడ్ బాయ్స్' ఇన్నర్ సర్కిల్‌ది. 'రెడ్ రెడ్ వైన్' నీల్ డైమండ్ రాసింది, రెగేగా అందరూ వినేది యూబీ40 పాడింది. ఏ పాటకైనా మార్లే పేరు తగిలించి ఉంటే ఆయన ఆల్బమ్‌లలో ఉందో లేదో చూడండి.

సంవత్సరం తప్పు. యాప్‌లలో తరచూ కనిపించేది తిరిగి విడుదలైన ఏడాది. 1970ల పాట పక్కన 2003 అని ఉంటే కంగారు పడకండి, మొదటి విడుదల వెతికి నోట్‌బుక్‌లో రాయండి.

తర్వాత మళ్లీ పాడిన రూపం. పాత గాయకులు చాలామంది తమ హిట్లను వయసు మళ్లాక కొత్తగా పాడి ఇచ్చారు. డ్రమ్స్ పలచగా, కీబోర్డు మెరుస్తూ వినిపిస్తే అనుమానించండి. ఒకసారి నేను పేరు చూసి సీడీ కొన్నాను, ఇంటికొచ్చి పెడితే అన్నీ ఇలాంటివే. అప్పటి నుంచి నిర్మాత పేరు చూడకుండా కొనను.

గంజాయి లేకపోతే రెగే అర్థం కాదనడం. ఇది పూర్తిగా తప్పు. 'గంజా' అన్న మాట 1845 నుంచి కూలీలుగా వెళ్లిన మన దేశం వాళ్లతోనే జమైకా చేరింది. హైలే సెలాసీని దైవంగా కొలిచే రాస్తాఫారీలకు అది ప్రార్థనలో భాగం. వినడానికి మాత్రం చెవి, ఓపిక తప్ప ఏమీ అక్కర్లేదు. మన దగ్గర అది నేరం కూడా.

అన్నీ శాంతి పాటలే అనుకోవడం. రెగే నుంచి పుట్టిన డాన్స్‌హాల్‌లో స్వలింగ సంపర్కుల మీద హింసను రెచ్చగొట్టే పాటలు కొన్ని ఉన్నాయి. దరువు బాగుంటే మాటలను క్షమించాలని లేదు. నేను వాటిని వినను, పిల్లలకు పెట్టను.

## 8. రెండో ఏడాది నుంచి కొమ్మలు

ఒక ఏడాదికి ఒక కొమ్మ ఎంచుకోండి, వరస మీ ఇష్టం. ఊయలలాంటి ప్రేమ పాటలు కావాలంటే లండన్‌లో పుట్టిన లవర్స్ రాక్, జానెట్ కే 'సిల్లీ గేమ్స్' (1979) నుంచి. మాటల మీద ఇష్టం ఉంటే యూ-రాయ్, బిగ్ యూత్ లాంటి డీజేలు (ఇక్కడ డీజే అంటే రికార్డు మీద మాటలు కట్టేవాడు), లింటన్ క్వెసీ జాన్సన్ కవిత్వం. ఆఫ్రికా నుంచి ఐవరీ కోస్ట్‌కు చెందిన ఆల్ఫా బ్లాండీ, దక్షిణాఫ్రికా లక్కీ డూబే. వెనక్కి వెళ్లాలంటే రెగేకు ముందున్న రాక్‌స్టెడీ, స్కా. ఈ తరంలో క్రానిక్స్, ప్రోటోజే, కాఫీ.

కొత్తవాళ్లను వాయిదా వేయకండి. పాతదే గొప్పదని కూర్చుంటే సంగీతం మ్యూజియం అయిపోతుంది.

## 9. బయటికి వెళ్లి వినడం

సౌండ్ సిస్టమ్ అంటే మనిషెత్తు పెట్టెలు పేర్చి, రికార్డులు వాయించే బృందం. డబ్‌ను ఒంటితో వినడం అక్కడే కుదురుతుంది. మన దేశంలో గోవా సన్‌స్ప్లాష్ అనే రెగే ఉత్సవం 2016లో మొదలైంది. లండన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు ఆగస్టు చివర్లో నాటింగ్ హిల్ కార్నివాల్‌కు, యూరప్‌లో ఉన్నవాళ్లు స్పెయిన్‌లోని బెనికాసిమ్‌లో జరిగే రొటోటామ్ సన్‌స్ప్లాష్‌కు వెళ్లవచ్చు. బయల్దేరే ముందు ఆ ఏడాది తేదీలు చూసుకోండి.

- చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ తీసుకెళ్లండి. బేస్ ఒంటికి అందుతుంది, చెవి నిలబడుతుంది.
- పెట్టెలకు ఎదురుగా కాక, కొంచెం దూరంగా, మధ్యలో నిలబడండి.
- గంటకోసారి పది నిమిషాలు బయటికి రండి.
- ఇంటికొచ్చాక చెవుల్లో హోరు ఉంటే రెండు రోజులు ఇయర్‌ఫోన్స్ ముట్టుకోకండి.

ఇంట్లో కూడా జాగ్రత్త కావాలి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాటకుండా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు చెప్పింది. అరవై ఏళ్ల వయసులో కూడా బేస్ వినాలంటే ముప్పయ్యో ఏట నుంచే శబ్దం తగ్గించుకోవాలి.

## 10. నోట్‌బుక్, ఏళ్ల తరబడి

ప్రతి ఆల్బమ్‌కు ఒక పేజీ. తేదీ, నిర్మాత, స్టూడియో, డ్రమ్స్, బేస్, ఆ రోజు చెవికి తగిలిన ఒక్క విషయం. ఒక్క వాక్యం చాలు. మార్కులు వేయకండి, మార్కులు మారతాయి.

ఏడాదికోసారి, ఏదో ఒక నిర్ణయించుకున్న రోజున, ఒకే ఆల్బమ్‌ను మళ్లీ వినండి. పాత పేజీ చూడకుండా కొత్త వాక్యం రాయండి, తర్వాత రెండూ పక్కన పెట్టండి. నేను ఈ పని 'హార్ట్ ఆఫ్ ద కాంగోస్'తో చేస్తున్నాను. మొదటి ఏడాది "గొంతులు బాగున్నాయి" అని రాశాను. అయిదో ఏడాది "బేస్ ఊపిరి తీసుకుంటోంది" అని ఉంది. పోయినసారి రాసింది గొంతుల వెనక దూరంగా వినిపించే ఆవు అరుపు గురించి. పెర్రీ దాన్ని అన్నేళ్లూ అక్కడే ఉంచాడు, నాకు అన్నాళ్లకు గానీ వినపడలేదు.